తాగుడు మానతానన్న విశ్వాసిని ఎక్కడికి తీసుకెళ్లాలి?

మా సంఘంలో ఆటో నడిపే అన్న ఒకాయన ఉన్నాడు. ప్రభువు బల్ల దగ్గర చిన్న గిన్నె చేతికి ఇస్తే, నోటి దాకా వెళ్లేలోపే సగం రసం వేళ్ల మీద ఒలికిపోయేది. గిన్నెలు అందించేది నేనే కాబట్టి ఆ వణుకు నాకు బాగా దగ్గరగా కనిపించేది. ఒక ఆదివారం ఆయనే వచ్చి, "ఈ రోజు నుంచి తాగను, నా కోసం ప్రార్థన చేయండి" అన్నాడు. మా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ రోజే మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టేశాం. సాయంత్రానికి చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట పట్టింది. మర్నాడు గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ దులుపుతూ కూర్చున్నాడు. దయ్యం వదులుతోందన్నారు మాలో కొందరు. ఇంకా గట్టిగా ప్రార్థించాం. ఆ రాత్రి పదకొండు గంటలకి చాప మీదే ఫిట్స్ వచ్చాయి.

ఆయన ఆటోలోనే ఆయన్ని పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రెండే ప్రశ్నలు అడిగింది. "తాగడం ఎప్పుడు ఆపాడు? తిండి తిని ఎంతసేపైంది?" రెండో ప్రశ్నకి మా పాస్టర్ అయ్యగారు తల దించుకున్నారు.

దేవుని దయవల్ల ఆయన బతికాడు. ప్రార్థన తప్పని నేను చెప్పడం లేదు. ఇప్పటికీ ప్రార్థిస్తాం. కానీ ఏ మనిషిని ముందు ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక ఒక ప్రాణాన్ని అంచు దాకా తీసుకెళ్లాం. ఆ తర్వాత చాలా కుటుంబాలతో ఆస్పత్రులు, సెంటర్లు, ప్రార్థనా గృహాలు తిరిగాను. అలా తెలుసుకున్నది సంఘ పెద్దల కోసం, అయ్యగార్ల కోసం రాస్తున్నాను.

సెంటర్ కంటే ముందు ఒంటి సంగతి

మా దగ్గరికి వచ్చేవాళ్లంతా "ఏ సెంటర్ మంచిది?" అనే అడుగుతారు. అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది. ఈ మనిషి ఇంట్లో ఉండి మానగలడా, లేక ఆస్పత్రిలో మానాలా?

రోజూ తాగే మనిషి, ముఖ్యంగా పొద్దున్నే కొంచెం పడితేగానీ చెయ్యి నిలవని మనిషి, ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు తిరగబడుతుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటల తర్వాత వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి తామెక్కడున్నారో తెలియదు, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది. దీన్ని డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మేము దయ్యమనుకున్నది ఈ దారిలో మొదటి మెట్టు.

ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, కామెర్లు, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, చచ్చిపోతానని మాట్లాడేవాళ్లు వస్తే పోలికలతో పని లేదు. నేరుగా పడకలున్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వీళ్లకి ఉపవాసం అసలు పెట్టకూడదు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటిపోయి ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే నీరసం అని వెంటనే గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తాడు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. "థయమిన్ ఇచ్చారా అండీ?" అని అడగడానికి చదువు అక్కర్లేదు, ధైర్యం చాలు.

2020 లాక్‌డౌన్‌లో మందు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి వచ్చినవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. అదే ఏడాది జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మనసుంటే మానేయొచ్చు కదా అనేవాళ్లకి నేను ఈ రెండూ గుర్తు చేస్తాను.

తెలంగాణ సంఘాలకి ఇంకో మాట. కల్లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. చాలాచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు, ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలిపినది. దానికి అలవాటుపడిన ఒళ్లు ఆ మందు కోసమే ఆగమవుతుంది. 2015లో మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు మూతపడినప్పుడు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో జనం ఆస్పత్రులకి వచ్చారు. ఈ అలవాటున్నవాళ్లకి డాక్టర్ మాత్రలతో మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఇందులో ఆడవాళ్లూ ఉంటారు. వాళ్లు చెప్పుకోరు. స్త్రీల సమాజంలో నమ్మకమైన అక్క ఒకరు మెల్లగా కనుక్కోవాలి.

గంజాయి మానితే సాధారణంగా ఫిట్స్ రావు. నిద్ర పట్టకపోవడం, కోపం, తిండి సహించకపోవడం ఉంటాయి. అయితే కుర్రాడు ఎవరో తనని వెంటాడుతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటుంటే సైకియాట్రిస్ట్ చూడాలి. మత్తుమందుల కేసులు పెట్టే ఎన్డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, చిన్న మోతాదు కేసులో ఉన్నవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరి, దాన్ని పూర్తి చేస్తే విచారణ నుంచి మినహాయింపు ఉంది. కేసు పడుతుందేమోనన్న భయంతో పిల్లాడిని ఇంట్లో దాచిపెట్టే తల్లిదండ్రులకి ఈ మాట చెప్పి, ఒక లాయర్ని కలవమనండి.

ప్రభుత్వ ఆస్పత్రి

తాగుడు ఆపిన తొలి రోజుల్లో ప్రమాదం ఉన్నవాళ్లకి నా మొదటి ఓటు దీనికే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆస్పత్రులు, బోధనాస్పత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. ఫిట్స్ వస్తే చూసే డాక్టర్ పక్కనే ఉంటాడు, రక్తపరీక్ష అక్కడే అవుతుంది, కూలి చేసుకునేవాళ్లు అప్పు చేయనక్కర్లేదు.

లోపాలూ చెప్పాలి. జనం ఎక్కువ. డాక్టర్ ఐదు నిమిషాలు మాట్లాడితే గొప్ప. కౌన్సెలింగ్ అంతంత మాత్రం. ఒళ్లు కుదుటపడగానే పంపించేస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, పక్కన ఒక మనిషి ఉండాలంటారు. కూలికి వెళ్లే భార్య వారం పది రోజులు అక్కడే కూర్చుంటే ఇంట్లో పిల్లలకి అన్నం ఎవరు పెడతారు? చాలామంది మధ్యలోనే వచ్చేయడానికి కారణం నేను చూసినంతలో ఇదే.

ఇక్కడ సంఘం చేయగలిగినంత ఇంకెవరూ చేయలేరు. ఆటో అన్న విషయంలో యవ్వనస్థుల కూడికలో ఒక కాగితం తిప్పాం. రాత్రికి ఒకరు చొప్పున పేర్లు రాసుకున్నారు. టిఫిన్ క్యారియర్ పంపే ఇళ్ల పేర్లు వెనకవైపు రాశాం. వదిన పగలు పనికి వెళ్లి సాయంత్రం వచ్చేది. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఇళ్లలో మేము పెట్టిన కాటేజ్ ప్రార్థన మీటింగులన్నిటికంటే ఆ కాగితమే ఎక్కువ సేవ చేసిందనిపిస్తుంది నాకు.

"ఎర్రగడ్డకి తీసుకెళ్లారట" అనే మాట మాత్రం ఊళ్లో చాలా ఇబ్బంది పెడుతుంది. దానికి మందు అయ్యగారి దగ్గరే ఉంది. ఆయన ఒక్కసారి ఆ వార్డుకి వెళ్లి పలకరించి వస్తే సగం నోళ్లు మూతపడతాయి.

స్వచ్ఛంద సంస్థల సెంటర్లు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీ-అడిక్షన్ సెంటర్లు చాలా జిల్లాల్లో ఉన్నాయి. చిన్నవి, ఉచితం, నెల రోజుల దాకా ఉంచుకుంటారు. కౌన్సెలర్ పేరు పెట్టి పిలుస్తాడు, ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడతాడు. ఆస్పత్రిలో దొరకనిది ఇదే. డాక్టర్ మాత్రం పూర్తి సమయం ఉండకపోవచ్చు. అందుకే ఒళ్లు బాగా పాడైనవాళ్లని ముందు ఆస్పత్రిలో తేరుకోనిచ్చి, తర్వాత ఇక్కడ చేర్చడం మంచిది. దగ్గర్లో ఎక్కడుందో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి. మత్తు విముక్తికి దేశమంతటికీ ఉన్న ఉచిత నంబర్ అది. దిగులు, చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే టెలీ మానస్ 14416. తెలుగులో మాట్లాడతారు.

ప్రైవేట్ రీహాబ్

ఇక్కడ మంచివీ ఉన్నాయి, మనుషుల్ని గొడ్లలా కట్టేసేవీ ఉన్నాయి. బోర్డు చూసి తేడా తెలియదు, లోపలికి వెళ్లి చూడాల్సిందే. మీరు చూస్తామంటే వద్దనే చోట ఎవర్నీ చేర్చకండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులకీ వర్తిస్తుంది. మానసిక రోగులకి చికిత్స చేసే సంస్థ రిజిస్టర్ చేయించుకోవాలి. మనిషిని గొలుసుతో కట్టడం ఆ చట్టం ప్రకారం నేరం. ఇష్టం లేని మనిషిని చేర్చాలంటే దానికీ పద్ధతి ఉంది. సైకియాట్రిస్ట్‌తో సహా ఇద్దరు విడివిడిగా పరీక్ష చేయాలి, రోగి తరఫు ప్రతినిధి, చాలాసార్లు ఇంటి మనిషే, దరఖాస్తు పెట్టాలి, దానికీ ముప్పై రోజుల గడువుంది. అర్ధరాత్రి నలుగుర్ని పంపి మనిషిని కారులో వేసుకెళ్తామనే సెంటర్‌కి ఒక్క రూపాయి కట్టొద్దు.

వెళ్లినప్పుడు నేను అడిగేవి ఇవి. సైకియాట్రిస్ట్ ఏయే రోజుల్లో వస్తారు? రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి పంపుతారు? ఇంటికి ఫోన్ చేయనిస్తారా? మధ్యలో వెళ్లిపోతానంటే ఏం చేస్తారు? పంపించేశాక ఫాలో-అప్ ఎన్నాళ్లు? అంతా అడిగాక బాత్రూమ్ చూస్తాను. బయట గడియ ఉందో లోపల గడియ ఉందో చూస్తే ఆ సెంటర్ గురించి చాలా తెలుస్తుంది. ఇంకో మాట, మూడు నెలల డబ్బు ముందే మొత్తం కట్టమంటే ఒప్పుకోకండి. సంఘం సాయం చేస్తుంటే నెల నెలా సెంటర్‌కే నేరుగా చెల్లించి రసీదు తీసుకోండి, మనిషి చేతికి ఇవ్వొద్దు.

ప్రార్థనా గృహాలు

తాగేవాళ్లని తమ దగ్గరే ఉంచుకుని ప్రార్థనతో మాన్పించే ఈ గృహాల గురించి రాయడం కష్టంగా ఉంది. నేనూ విశ్వాసినే, అక్కడ బాగుపడి సాక్ష్యం చెప్పినవాళ్లని నా కళ్లతో చూశాను. పొద్దున్నే లేపడం, పాటలు, వాక్యం, తోటపని, తాగుబోతు స్నేహితులకి దూరం, ఇవన్నీ మనిషిని నిలబెడతాయి. నువ్వు పనికిరానివాడివి కాదు అని రోజూ చెప్పే చోటు ఇంకెక్కడుంది?

అయితే అలాంటి గృహంలోనే మా బంధువుల అబ్బాయిని చూడటానికి వెళ్లినప్పుడు కాలి చీలమండ మీద తాడు ఒరుసుకుపోయిన పుండు కనిపించింది. డాక్టర్ రాసిన మాత్రలు "విశ్వాసం ఉంటే ఇవెందుకు" అని పారేశారట. ఆ రోజే అబ్బాయిని ఇంటికి తెచ్చేశాం. వాళ్ల అమ్మ బస్సులో దారి పొడుగునా ఆ కాలు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. తాగుడు ఆపిన మొదటి వారం పది రోజులు ప్రార్థనా గృహం వద్దు, ఎంత మంచిదైనా వద్దు. ఆస్పత్రిలో ఒళ్లు తేరుకున్నాక, మాత్రలు వేసుకోనిచ్చే, డాక్టర్ దగ్గరికి పంపే, తలుపు తెరిచి ఉండే గృహమైతే సంతోషంగా పంపండి. అడగాల్సిన ప్రశ్నలు ప్రైవేట్ సెంటర్‌కి అడిగినవే. దేవుని సేవకులని మొహమాటపడకండి. నిజాయతీగా నడిపేవాళ్లు ప్రశ్నలకి నొచ్చుకోరు.

వేలూరు, బెంగళూరు, చెన్నై

వేలూరు సీఎంసీ అంటే మన సంఘాల్లో తెలియనివాళ్లు లేరు. దాని మానసిక వైద్య విభాగం బాగాయంలో ఉంది, ఇంటి మనిషి రోగితోపాటు ఉండటం అక్కడి పద్ధతి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసనాల కోసమే ప్రత్యేక విభాగం ఉంది. తాగుడుతోపాటు మానసిక జబ్బు, ఫిట్స్ లాంటి చిక్కులున్నవాళ్లకి అది మంచిది. చెన్నైలో టీటీకే ఆస్పత్రి ఉంది. తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్లు పల్లెల్లోనే క్యాంపులు పెట్టి, ఊరి పెద్దల్ని, కుటుంబాల్ని కలుపుకుని చికిత్స చేశారు. పదిమంది ఒకే ఊళ్లో కలిసి మానితే ఒకర్నొకరు పట్టుకుంటారు. మన పాస్టర్ల ఫెలోషిప్‌లు జిల్లా ఆస్పత్రి సైకియాట్రిస్ట్‌ని పిలిచి ఇలాంటిది చేయొచ్చని నాకెప్పటి నుంచో ఆశ.

దూరం వెళ్తే లాభం, బెల్టు షాపు కనపడదు, చుట్టాల నోళ్లు వినపడవు. నష్టం, తిరిగొచ్చాక ఫాలో-అప్‌కి వెళ్లలేక మాత్రలు ఆపేస్తారు. దూరం పంపితే, వచ్చాక చూసే దగ్గరి డాక్టర్ ఎవరో వెళ్లేముందే తేల్చుకోండి.

ఏఏ మీటింగులు

ఆల్కహాలిక్స్ అనానిమస్ చికిత్స కేంద్రం కాదు. మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కూర్చుని తమ కథ చెప్పుకునే చోటు. 1935లో అమెరికాలో పుట్టింది, 1957 నుంచి మన దేశంలో ఉంది. ఫీజు లేదు, ఏ మతానికీ చెందదు. అక్కడ "మీకు అర్థమైన దేవుడు" అంటారని మన పెద్దలు కొందరు అనుమానపడతారు. నేను కుటుంబసభ్యులు కూడా రాగలిగే ఓపెన్ మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరి విశ్వాసాన్నీ ఎవరూ లాక్కోలేదు. ఒకాయన లేచి "ఈ రోజు తాగలేదు" అన్నాడు, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. అంతే. భార్యల కోసం, ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. మీ చర్చి వెనక సండే స్కూల్ గది వారం మధ్యలో ఖాళీగానే ఉంటుంది కదా, ఏఏ వాళ్లకి ఒక సాయంత్రం ఇవ్వండి. మీ సభ్యులు మీ కళ్లబడటానికి సిగ్గుపడితే పక్క ఊరి మీటింగ్‌కి పంపండి.

మరి ఎవరికి ఏది?

పొద్దున్నే తాగేవాడు, చేతులు వణికేవాడైతే ప్రభుత్వ ఆస్పత్రి, ఆ వెంటనే స్వచ్ఛంద సంస్థ సెంటర్‌లో నెల రోజులు, తర్వాత ఏఏ. డబ్బుండి ఇంట్లో గొడవలు ఎక్కువైతే సైకియాట్రిస్ట్ ఉన్న రిజిస్టర్డ్ ప్రైవేట్ సెంటర్. వారాంతాల్లో తాగి జీతం తగలేసేవాడికి, ఒళ్లింకా చెడనివాడికి, చేర్చాల్సిన అవసరం లేకపోవచ్చు. ఓపీలో సైకియాట్రిస్ట్‌ని చూపించి, మాత్రలు, కౌన్సెలింగ్‌తో ఇంటి నుంచే మాన్పించవచ్చు. తాగాలనే కోరికని తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. ఇది తెలియక చాలామంది అనవసరంగా మూడు నెలల ప్యాకేజీలు కొంటారు.

డైసల్ఫిరామ్ అనే మాత్ర గురించి విడిగా చెప్పాలి. అది వేసుకున్నవాళ్లు తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండొచ్చు. భర్తకి తెలియకుండా కూరలో కలిపి పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అలా చేయకండి, మనిషి పోతాడు. ఇంకో సంగతి, మీ సంఘం బల్లలో నిజమైన వైన్ వాడుతుంటే ఈ మాత్ర వేసుకునే సభ్యుడు ముందే చెప్పాలి. చెప్పడానికి సిగ్గుపడతాడు కాబట్టి మేము అందరికీ పులియని ద్రాక్షరసమే పోయడం మొదలుపెట్టాం. ఎవరికి ఎందుకు మార్చామో ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చాక

సామాజిక న్యాయ శాఖ 2019లో ఎయిమ్స్‌తో చేయించి విడుదల చేసిన సర్వే ప్రకారం, మన దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందిలో కొందరు మన బెంచీల మీదే కూర్చుని ఉంటారు. వాళ్లు చెప్పుకోవాలంటే చెప్పింది బయటికి పోదన్న నమ్మకం ఉండాలి. ప్రార్థన విన్నపాల పేరుతో ఒకరి తాగుడు వాట్సాప్ గ్రూపులో పెట్టిన సంఘంలో ఇంకెవరూ నోరు విప్పరు.

సెంటర్ నుంచి వచ్చిన మొదటి ఆదివారమే స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి. నేనూ ఒకరి చేత చెప్పించాను. తర్వాత ఆయన జారిపోయినప్పుడు, అంతమంది ముందు చెప్పిన మాట తప్పానని మొహం చూపించలేక రెండు నెలలు చర్చికే రాలేదు. ఒక ఏడాది ఆగండి. ఈలోగా ఆయనకి పని చూపించండి, సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా తోడుండే ఇద్దరు మనుషుల్ని చూడండి. ఆ మూడు గంటలే గండం. భార్య ఎన్నేళ్ల నుంచో భరించింది. "క్షమించెయ్ అమ్మా" అని ఆమెకి తొందరపెట్టి చెప్పకండి. కొట్టే మనిషైతే ఆమె భద్రతే ముందు, మహిళా హెల్ప్‌లైన్ 181.

మళ్లీ తాగితే సభ్యత్వం తీసేయాలా అని కమిటీలో చర్చ వస్తుంది. షుగర్ పెరిగిందని ఎవర్నీ తీసేయలేదు మనం. జారడం ఈ జబ్బులో మామూలే. జారిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటం ముఖ్యం.

ఆటో అన్న ఎనిమిదో నెలలో మేనల్లుడి పెళ్లిలో జారాడు. నాలుగు రోజులు తాగాడు. ఐదో రోజు రాత్రి వదిన ఫోన్ నుంచి నాకు చేసి, ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నాడు. "అన్నా, ఎప్పుడు ఆపావు? తిండి తిని ఎంతసేపైంది?" అని అడిగాను. మధ్యాహ్నం ఆపానన్నాడు, అన్నం వదిన పెట్టిందన్నాడు. పొద్దున దాకా ఆగలేదు. బ్యాగులో దుప్పటి, పాత ఓపీ చీటీ పెట్టుకుని పది నిమిషాల్లో వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు వేసుకుని కూర్చుని ఉన్నాడు.